చేపలు లేకుండానే కొత్త అక్వేరియాన్ని సిద్ధం చేసుకోవడం

ప్రశ్న: మాది కావలి. మా పాప కోరిక మీద మూడడుగుల గాజుతొట్టి కొన్నాము. పొడవు 36, వెడల్పు 12, ఎత్తు 15 అంగుళాలు. దుకాణంలో చెప్పినట్టే అడుగున గులకరాళ్లు పరిచి, బోరు నీళ్లు నింపి, స్పాంజి ఫిల్టరు పెట్టి పది రోజులు ఖాళీగా తిప్పాము. తరువాత నాలుగు గోల్డ్‌ఫిష్‌లు వేస్తే, మూడో రోజు నుంచి అవి నీటి పైకి వచ్చి నోళ్లు తెరుస్తూ, మొప్పలు ఎర్రబడి, వారం తిరగకముందే నాలుగూ చనిపోయాయి. నీళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. ఈసారి ముందు చౌక చేపలు వేసి చూడమని ఒకరు, క్యాన్ నీళ్లు పోయమని మరొకరు అంటున్నారు. రొయ్యల గుంటలు చూసుకునే మా మేనల్లుడు, గుంటల్లో వాడే ప్రోబయోటిక్ తెచ్చిస్తానంటున్నాడు. చేపలను బలిపెట్టకుండా తొట్టిని సిద్ధం చేసే పద్ధతి ఒకటి ఉందని విన్నాను. సంక్రాంతికి చేపలు తెస్తానని పాపకు మాటిచ్చాను. ఏడు వారాల వ్యవధి ఉంది. దయచేసి వివరంగా చెప్పండి.

సమాధానం: మీరు రాసిన లక్షణాలన్నీ అమ్మోనియా విషానికి సరిపోతున్నాయి. చేప తన ఒంట్లోని నత్రజని వ్యర్థాన్ని ఎక్కువ భాగం మొప్పల గుండా అమ్మోనియా రూపంలోనే నీటిలోకి వదులుతుంది. తినకుండా వదిలేసిన మేత కుళ్లినా అదే పుడుతుంది. చెరువులోనైతే విస్తారమైన నీటిలో అది పలచబడుతుంది, నాచూ మొక్కలూ కొంత పీల్చుకుంటాయి, అడుగు మట్టిలోని సూక్ష్మజీవులు మిగిలినదాని పని పడతాయి. మీ తొట్టిలో గులకరాళ్లు పోను ఉన్నవి దాదాపు 85 లీటర్ల నీళ్లు, వాటిలో అమ్మోనియాను హరించే జీవి ఒక్కటీ తగినంతగా పెరిగి లేదు. అమ్మోనియాకు రంగు లేదు, ఆ మోతాదులో వాసనా తెలియదు. కాబట్టి నీళ్లు తేటగా ఉండటాన్ని బట్టి అవి చేపకు పనికివస్తాయని అనుకోవడానికి వీలు లేదు.

దీనికి తోడు బోరు నీళ్ల స్వభావం ఒకటి ఉంది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. వాటిలో చేపకు ప్రాణాంతకమైనది ఒకటే, ఆ రూపం ఎంత మేరకు ఉంటుందనేది నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని తెలిపే అంకె) మీదా, వేడి మీదా ఆధారపడుతుంది. 28 డిగ్రీల నీటిలో పీహెచ్ 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో నూరింట ఒక వంతు కూడా విషరూపంలో ఉండదు. అదే పీహెచ్ 8కి చేరితే అది ఆరేడు శాతం అవుతుంది. మన తీరప్రాంతపు బోరు నీళ్లు చాలాచోట్ల 8 దరిదాపుల్లోనే ఉంటాయి. నెల్లూరు జిల్లాలో రొయ్యలు పెంచే వాళ్లు ఉదయం సాయంత్రం పీహెచ్ చూసుకుంటూ, అది పెరిగినప్పుడు అమ్మోనియా గురించి కంగారు పడటానికి కారణం ఇదే. మీ మేనల్లుడిని అడిగితే ఇది ఆయనకు నిత్యానుభవమని చెబుతాడు.

మరి పది రోజులు తిప్పిన ఫిల్టరు ఏం చేసినట్టు? దాదాపు ఏమీ చేయలేదు, ఎందుకంటే దానికి చేయడానికి పని లేదు. అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే సూక్ష్మజీవులు ఒక తెగ, ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చేవి మరొక తెగ. మొదటి తెగకు అమ్మోనియాయే ఆహారం, రెండో తెగకు నైట్రైటే ఆహారం. గాలిలోనూ నీటిలోనూ దుమ్ములోనూ అవి కొద్దికొద్దిగా ఎక్కడైనా ఉంటాయి గనుక మీ తొట్టిలోకీ చేరే ఉంటాయి. కానీ తిండి దొరకని చోట అవి సంతానాన్ని పెంచుకోలేవు. పైగా వీటి పెరుగుదల చాలా నెమ్మది: అన్నీ అనుకూలించినా ఒకటి రెండు కావడానికి సగం రోజు నుంచి ఒక రోజు వరకు పడుతుంది. అన్నాన్ని పులియబెట్టే సూక్ష్మజీవుల్లా రాత్రికి రాత్రే పెరిగేవి కావు. అందుకే దుకాణాల్లో అందరూ చెప్పే ఆ ‘పది రోజులు నీళ్లు నిలబెట్టండి’ అన్న సలహా నన్ను బాధిస్తుంది. క్లోరిన్ పోవడానికి ఒక్క రోజు చాలు. సూక్ష్మజీవులు పెరగడానికి, వాటికి మేత వేయకపోతే, నెల రోజులైనా చాలదు.

చౌక చేపలు వేయమన్న సలహాను దయచేసి పక్కన పెట్టండి. ఆ పద్ధతిలో తొట్టి చివరకు సిద్ధమవుతుందన్నది నిజమే. కానీ ఆ నాలుగైదు వారాలూ ఆ చేపలు ముందు అమ్మోనియాలోనూ తరువాత నైట్రైట్‌లోనూ ఈదవలసి వస్తుంది. అమ్మోనియా మొప్పలను కాలుస్తుంది. నైట్రైట్ రక్తంలో చేరి ప్రాణవాయువును మోసే శక్తిని దెబ్బతీస్తుంది, అప్పుడు నీటిలో గాలి పుష్కలంగా ఉన్నా చేపకు ఊపిరాడదు. పది రూపాయల చేప అయినా ఆ బాధ తక్కువ పడదు, బతికి బయటపడ్డవాటికి కూడా మొప్పలు దెబ్బతిని ఆయుష్షు తగ్గుతుంది. చేప చేసే పనిని ఒక సీసాలోని ద్రావణం చేయగలిగినప్పుడు ప్రాణిని ఎందుకు ఇబ్బంది పెట్టాలి? మీరు విన్న పద్ధతి సరిగ్గా అదే: అమ్మోనియాను మనమే కొలిచి వేసి, ఆ రెండు తెగలనూ పెంచి, అవి పనిలోకి దిగాయని పరీక్షలో తేలాకనే చేపలను తెచ్చుకోవడం.

ముందుగా నీళ్ల సంగతి. క్యాన్ నీళ్లు పోయవద్దు. ఆర్వో యంత్రంలోంచి వచ్చిన నీటిలో లవణాలతో పాటు బైకార్బొనేట్లు కూడా చాలా వరకు పోతాయి. సూక్ష్మజీవులు అమ్మోనియాను మార్చే క్రమంలో ఆమ్లం పుడుతుంది, దాన్ని తట్టుకునే శక్తినిచ్చేది ఆ బైకార్బొనేట్లే. రొయ్యల రైతులు ఆల్కలినిటీ అని పిలిచేది దీన్నే. లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా పూర్తిగా నైట్రేట్‌గా మారేసరికి లీటరుకు సుమారు 12 మిల్లీగ్రాముల ఆల్కలినిటీ ఖర్చయిపోతుంది. క్యాన్ నీళ్లలో ఉన్న కాస్తా రెండు మూడు విడతల్లోనే హరించుకుపోయి, పీహెచ్ 6.5 కన్నా కిందికి జారి పని మందగిస్తుంది, 6 దగ్గర దాదాపు ఆగిపోతుంది. చేపలను ఇబ్బంది పెట్టిన మీ బోరు నీళ్లే ఈ పనికి ఎంతో అనువైనవి, ఎందుకంటే ఇప్పుడు తొట్టిలో విషానికి గురయ్యే ప్రాణి లేదు. ఇప్పటికే క్యాన్ నీళ్లు పోసి ఉంటే పారబోయనక్కర్లేదు. ఒక చెంచాడు, అంటే సుమారు 5 గ్రాముల వంటసోడా కలిపితే 85 లీటర్లలో ఆల్కలినిటీ లీటరుకు 35 మిల్లీగ్రాముల దాకా పెరుగుతుంది. మునిసిపాలిటీ కుళాయి నీళ్లయితే ఒక రోజు బకెట్లలో నిలవబెట్టి, గాలి మోటారు తిప్పి, క్లోరిన్ పోయాక వాడండి. బోరు నీళ్లను నింపే ముందే ఒకసారి నైట్రేట్ పరీక్ష చేయించండి. పొలాల మధ్య ఉన్న బోర్లలో ఎరువుల వల్ల అది ముందే ఎక్కువగా ఉండవచ్చు, ఆ సంగతి తెలియకపోతే చివర్లో లెక్కలు తారుమారవుతాయి.

ఇక అమ్మోనియా. దీనికి నేను సూచించేది అమ్మోనియం క్లోరైడ్, మన పెద్దలు నవాసాగరం అన్నది. కళాయి పోసేవాళ్లు వాడే ముడి నవాసాగరం వద్దు, అందులో ఏమేమి కలిసి ఉంటాయో చెప్పలేము. స్కూళ్లకూ కాలేజీలకూ రసాయనాలు సరఫరా చేసే దుకాణంలో ప్రయోగశాల శ్రేణి డబ్బా అడిగి తీసుకోండి. మీ తొట్టిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల అమ్మోనియా రావాలంటే అర గ్రాము కన్నా కొంచెం ఎక్కువ పొడి చాలు. అంత తక్కువ బరువును వంటింటి త్రాసు తూచలేదు కాబట్టి, తెలిసిన బంగారు కొట్టులో 10 గ్రాములు కచ్చితంగా తూయించుకుని, దాన్ని ఒక లీటరు నీటిలో కరిగించి సీసాలో పోసి ఉంచుకోండి. ఆ ద్రావణం 53 మిల్లీలీటర్లు పోస్తే తొట్టిలో మీకు కావలసిన 2 మిల్లీగ్రాముల స్థాయి వస్తుంది. మందుల షాపులో దొరికే పెద్ద సిరంజితో కొలవడం తేలిక. సీసా మీద పేరు పెద్దగా రాసి పాపకు అందని చోట పెట్టండి, బ్లీచింగ్ పౌడర్ దగ్గరికి మాత్రం రానీయకండి.

పొలం ఉన్నవాళ్లకు వెంటనే యూరియా గుర్తుకొస్తుంది. అది నీటిలో విడిపోయి అమ్మోనియాగా మారడానికి సమయం తీసుకుంటుంది, అంతవరకు పరీక్షలో కనపడదు. ఏమీ లేదనుకుని మళ్లీ వేస్తే ఒక్కసారిగా మితిమీరుతుంది. కాంప్లెక్సు ఎరువుల్లోని భాస్వరం తొట్టినంతా పాచి పట్టిస్తుంది. పచ్చి రొయ్య ఒకటి గుడ్డలో కట్టి వేలాడదీయడం, రోజూ చిటికెడు మేత చల్లడం కూడా పనిచేసే పద్ధతులే, కానీ ఎంత అమ్మోనియా వచ్చిందో మీ చేతిలో ఉండదు, రొయ్య కుళ్లితే ఇంట్లో అందరికీ తెలుస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యమైన ఖర్చు పరీక్ష కిట్టు. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ నాలుగూ చూసే చుక్కల మందు కిట్టు కొనండి. కాగితపు పట్టీలు అంత నమ్మదగినవి కావు. కిట్టు దొరకడం ఆలస్యమైతే, రొయ్యల సాగు ఉన్న ఏ ఊళ్లోనైనా ఆక్వా ల్యాబులు ఉంటాయి, కడిగిన సీసాలో నీళ్లు పట్టుకెళితే అమ్మోనియా, నైట్రైట్ చూసి చెబుతారు. ఎక్కువ కిట్లలో అమ్మోనియా పరీక్ష ఇలా ఉంటుంది: చిన్న గాజుగొట్టంలో గీత వరకు తొట్టి నీళ్లు తీసుకుని, చుక్కలు లెక్కపెట్టి వేసి, కుదిపి, ఐదు నిమిషాలు ఆగితే నీళ్లు పసుపుపచ్చగా ఉండిపోవచ్చు లేదా ఆకుపచ్చకు తిరగవచ్చు. పసుపు అంటే అమ్మోనియా లేదు, ఆకుపచ్చ ముదిరేకొద్దీ ఎక్కువ ఉంది. గొట్టాన్ని రంగుల అట్టకు ఆనించి పగటి వెలుతురులోనే చూడండి. ట్యూబ్‌లైటు కింద లేత పసుపూ లేత ఆకుపచ్చా తేడా తెలియక చాలామంది తికమకపడతారు. నైట్రైట్ పరీక్షలో లేత నీలం లేమికి గుర్తు, ఊదారంగు దాని ఉనికికి గుర్తు.

మొదటి రోజు 53 మిల్లీలీటర్లు పోసి, గంట తరువాత పరీక్షించి 2 వచ్చిందో లేదో చూసుకోండి. ఆ తరువాత ఫిల్టరు రాత్రింబగళ్లు తిరుగుతూ ఉండాలి, తొట్టి లైటు మాత్రం వేయకండి, వేస్తే పాచి తప్ప వచ్చేది లేదు. రోజు విడిచి రోజు అమ్మోనియా చూడండి. వారం దాటినా అదే ఆకుపచ్చ కనపడితే నిరుత్సాహపడి ఇంకా పోయవద్దు. ఇది అందరూ తొందరపడే ఘట్టం. నీళ్లు ఒకటి రెండు రోజులు పాలవిరుగుడు రంగులోకి మసకబారవచ్చు. అది వేరే జాతి సూక్ష్మజీవుల ఉద్ధృతి, దానంతట అదే తేరుకుంటుంది, నీళ్లు మార్చనక్కర్లేదు. సాధారణంగా రెండో వారంలో అమ్మోనియా తగ్గడం మొదలవుతుంది, అదే సమయంలో నైట్రైట్ గొట్టం ఊదారంగులోకి తిరుగుతుంది. అప్పటి నుంచి అమ్మోనియా అర మిల్లీగ్రాము కన్నా తగ్గినప్పుడల్లా సగం మోతాదు, అంటే 27 మిల్లీలీటర్లు మాత్రమే పోస్తూ మొదటి తెగను ఆకలితో మాడకుండా చూడండి.

నైట్రైట్ దశ అన్నిటికన్నా దీర్ఘమైనది, ఓపికను పరీక్షించేది. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నుంచి 2.7 మిల్లీగ్రాముల నైట్రైట్ వస్తుంది గనుక అది చూస్తూ ఉండగానే కిట్టు కొలవగలిగిన 5 మిల్లీగ్రాముల హద్దు దాటిపోతుంది. రంగు ముదురు ఊదాలోనే నిలిచిపోతే అసలెంత ఉందో తెలియదు. అప్పుడు ఒక వంతు తొట్టి నీటికి తొమ్మిది వంతుల క్యాన్ నీళ్లు కలిపి పరీక్షించి, వచ్చిన అంకెను పదితో హెచ్చవేయండి. క్యాన్ నీళ్లు ఈ పద్ధతిలో నిజంగా ఉపయోగపడేది ఇక్కడే. నైట్రైట్ మరీ పెరిగితే సగం నీళ్లు తీసి కొత్తవి పోయడానికి వెనుకాడకండి. సూక్ష్మజీవులు నీటిలో తేలుతూ ఉండవు, స్పాంజిలోనూ రాళ్ల మీదా అంటుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు తీసినందువల్ల అవి పోవు. తీపి నీటి తొట్లలో నైట్రైట్‌ను తినే ముఖ్యమైన జీవి నైట్రోస్పైరా అని 1998లో అక్వేరియం ఫిల్టర్లను పరిశీలించిన శాస్త్రవేత్తలు చూపించారు. అంతకుముందు ఆ స్థానం నైట్రోబ్యాక్టర్‌దని అనుకునేవారు. నైట్రోస్పైరా తక్కువ గాఢతలకు అలవాటుపడ్డది గనుక, ఎక్కువ వేస్తే త్వరగా అవుతుందన్న ఆశతో అమ్మోనియాను 4, 5 మిల్లీగ్రాములు దాటించడం పనిని వెనక్కి నెడుతుంది.

ఈ కాలాన్ని సగానికి సగం తగ్గించే ఉపాయం ఒకటి ఉంది. పాలకు తోడు పెట్టినట్టే, ఆరోగ్యంగా నడుస్తున్న పాత తొట్టి ఫిల్టరు స్పాంజి ముక్కనో, సిరామిక్ రింగులనో మీ ఫిల్టరులో పెట్టండి. మీకు తెలిసినవాళ్ల ఇంట్లో కనీసం కొన్ని నెలలుగా రోగాలు లేకుండా నడుస్తున్న తొట్టి ఉంటే, ఆ ముక్కను ఆరనివ్వకుండా వాళ్ల తొట్టి నీటిలోనే ముంచి, అదే పూట తెచ్చి పెట్టండి. దుకాణం తొట్టి నుంచి తీసుకోవద్దు. వారం వారం కొత్త సరుకు దిగే చోట రోగాలు కూడా వస్తుంటాయి.

మీ మేనల్లుడి ప్రోబయోటిక్ విషయానికి వస్తే, ఆయన మంచి మనసుతోనే చెప్పాడు, ఆ పొడి గుంటలో చేసే మేలు కూడా నిజమే. అయితే గుంటల ప్రోబయోటిక్‌లలో ఎక్కువగా ఉండేవి బాసిల్లస్ జాతులు. అవి అడుగున పేరుకున్న మేతనూ మలినాన్నీ కుళ్లబెట్టి తినేవి, అమ్మోనియాను నైట్రైట్‌గా మార్చే తెగ కాదు. పైగా దాంతో పాటు బెల్లం కలిపి వేసే అలవాటు ఉంటుంది, మీ తొట్టిలో అది ప్రాణవాయువును తగ్గించడం తప్ప చేసేది లేదు. ఉప్పు నీటి హ్యాచరీ ఫిల్టరు నుంచి తెచ్చిన ముక్క కూడా వద్దు, అక్కడ పెరిగిన సూక్ష్మజీవులు తీపి నీటిలో సరిగా పనిచేయవు. జియోలైట్ అనే ఖనిజం గురించి కూడా ఎవరైనా చెబుతారేమో. తీపి నీటిలో అది అమ్మోనియాను బాగానే పట్టుకుంటుంది, కానీ మనం పెంచదలచుకున్న జీవుల నోటి దగ్గరి కూడునే అది లాక్కుంటుంది.

మీరు మొదలుపెట్టేది నవంబరు చివర గనుక వేడి గురించి దిగులు లేదు. మన తీరంలో ఈ నెలల్లో గదిలోని నీళ్లు 25 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి, హీటరు అక్కర్లేదు. దిగులు పడవలసింది తుఫానుల గురించి. అమ్మోనియాను మార్చే పనికి ప్రాణవాయువు చాలా కావాలి. ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నత్రజనికి నాలుగున్నర మిల్లీగ్రాములకు పైగా ఖర్చవుతుంది. వాయుగుండం వచ్చి ఒక పూటో ఒక రోజో కరెంటు పోతే స్పాంజిలో ఉన్నవి ఊపిరాడక చావడం మొదలవుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే గాలి మోటారును దానికి కలపండి, అది నాలుగైదు వాట్లకు మించి లాగదు. లేకపోతే బ్యాటరీతో నడిచే చిన్న గాలి మోటారు ఒకటి కొని ఉంచండి. చేపలు వచ్చాక అది మరింత అవసరమవుతుంది.

నాలుగు నుంచి ఆరు వారాల మధ్య ఒక రోజు నైట్రైట్ గొట్టం కూడా లేత నీలంలోకి వచ్చేస్తుంది. వెంటనే పూర్తి మోతాదు 53 మిల్లీలీటర్లు పోసి, సరిగ్గా 24 గంటల తరువాత రెండూ పరీక్షించండి. అమ్మోనియా సున్నా, నైట్రైట్ సున్నా వస్తే మర్నాడు మళ్లీ అదే చేయండి. రెండుసార్లూ సున్నాలే వస్తే మీ తొట్టి సిద్ధమైనట్టు. కేలెండరు ఏం చెప్పినా ఈ పరీక్ష నెగ్గేదాకా చేపలు తేవద్దు. సంక్రాంతికి అందకపోతే పాపకు నచ్చజెప్పడం కష్టమేమీ కాదు, ముఖ్యంగా రోజూ గొట్టం కుదిపి రంగు చూసి నోటుపుస్తకంలో అంకె వేసే పని ఆ అమ్మాయికే అప్పగిస్తే. ఇన్నాళ్ల పనిలో పేరుకున్న నైట్రేట్ అప్పటికి చాలా ఎక్కువగా ఉంటుంది కాబట్టి చేపలు తెచ్చే ముందు రోజు ముప్పాతిక వంతుకు పైగా నీళ్లు తీసి కొత్తవి పోసి, నైట్రేట్ లీటరుకు 20 మిల్లీగ్రాముల లోపు తెండి. నీళ్లు మార్చాక చేపలు రావడం ఆలస్యమైతే రోజూ సగం మోతాదు అమ్మోనియా వేస్తూ ఉండాలి, లేకపోతే పెంచుకున్నవి పస్తులతో తగ్గిపోతాయి. చేపలు వచ్చేరోజు మాత్రం ముందు పరీక్షించి సున్నా ఉందని చూసుకున్నాకనే వేయాలి. ఆ తరువాత స్పాంజిని ఎప్పుడూ కుళాయి కింద కడగవద్దు. తొట్టిలోంచి తీసిన బకెట్టు నీటిలోనే రెండుసార్లు పిండి పెట్టేయండి.

ఏ చేపలు అన్నది మీరు అడగలేదు గానీ, మళ్లీ నాలుగు గోల్డ్‌ఫిష్‌లు తెస్తారేమోనని చెబుతున్నాను. గోల్డ్‌ఫిష్ చల్లటి నీటి చేప, పెద్దదయ్యేదీ, ఎక్కువ మురికి చేసేదీ. 85 లీటర్లలో ఒకటి, మహా అయితే రెండు. పైగా మే నెలలో కావలి ఎండలకు తొట్టి నీళ్లు 32 డిగ్రీలు దాటితే అవి చాలా అవస్థ పడతాయి. మీ బోరు నీళ్ల కఠినత్వానికీ, పీహెచ్‌కీ, మన వేడికీ మోలీలు, ప్లాటీలు, గప్పీలు చక్కగా సరిపోతాయి. ఆరింటితో మొదలుపెట్టి, రెండు నిమిషాల్లో తినేసేంత మేతే వేస్తూ, మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు అమ్మోనియా, నైట్రైట్ చూసుకోండి. మగవాటి కన్నా ఆడవి రెట్టింపు ఉండేలా ఎంచుకోండి, లేకపోతే మగచేపలు వాటిని వెంటాడి అలసిపోయేలా చేస్తాయి. పిల్లలు మాత్రం అడగకుండానే పుడతాయి, అవి దాక్కోవడానికి ఒక మూల నాలుగు నీటి మొక్కలు నాటి ఉంచండి.